వస్తువు సిద్ధంగా ఉంటే మనిషి వస్తాడు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు కరువు భత్యం గురించి, ఆరోగ్య కార్డుల గురించి, ఏటేటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ గురించి వివరంగా చెప్పారు. అవన్నీ మనకు అన్నం పెట్టే విషయాలు. నాకు అప్పగించిన విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. గోల్ఫు ఆట సామాను శుభ్రంగా ఉంచుకోవడం, చెడిపోకుండా చూసుకోవడం, ఇదీ అంశం. ఈ మాట కార్యక్రమ పత్రంలో చూసి ఒక మిత్రుడు ఫోన్ చేసి, "ఏం సార్, మన కరీంనగర్ల గోల్ఫెక్కడున్నది? మానేరు డ్యాం కట్ట మీద ఆడుతరా?" అని అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. మన పాత రెండు జిల్లాల్లో ఉద్యోగరీత్యా నేను తిరిగినన్ని ఊళ్ళలో గోల్ఫు మైదానం ఒక్కటి కూడా నా కంట పడలేదు.

అయితే మైదానం లేకపోయినా సామాను మాత్రం మన ఇళ్ళకు చేరింది. మన పిల్లలు హైదరాబాద్, బెంగుళూరు, అమెరికా వెళ్ళి ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ తోటివారితో ఆడి ఈ ఆట నేర్చుకుంటున్నారు. తిరిగి వచ్చేటప్పుడు సంచీ తెస్తున్నారు. ఫ్లాటులో చోటు లేదని కరీంనగర్‌లోనో, జగిత్యాలలోనో, మంచిర్యాలలోనో అమ్మానాన్నల ఇంట్లో పెట్టిపోతున్నారు. నా ఎరుకలో మన సభ్యుల ఇళ్ళలోనే మూడు చోట్ల ఇటువంటి సంచులు మూలన నిలబడి ఉన్నాయి. నాలుగోది మా ఇంట్లో ఉంది. దాన్ని కనిపెట్టుకొని ఉండే పని నాది. అందుకే కార్యదర్శిగారు నన్ను పట్టుకున్నారు. ఆ సంచీ దగ్గర నేర్చుకున్నది మన సంఘం ఆటల గదికి కూడా పనికివస్తుంది కనుక నేనూ ఒప్పుకున్నాను.

ముందుగా ఒక పాత సంగతి మనవి చేస్తాను. నేను 1974లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి 2008లో రిటైరయ్యాను. ఎల్.డి.సి.గా ఉన్నంత కాలం సొంత జిల్లా కరీంనగర్‌లోనే గడిచింది. యు.డి.సి. ప్రమోషన్ రాగానే, జోనల్ పోస్టు కనుక, ఆదిలాబాద్ జిల్లాకు వేశారు. ఎక్కడికి పోయినా డెడ్ స్టాక్ రిజిస్టర్ మాత్రం నా బల్ల మీదికే వచ్చి చేరేది. కుర్చీలు, బల్లలు, బీరువాలు, టైపు మిషన్లు, సైక్లోస్టైల్ యంత్రం, పెట్రోమాక్స్ లైటు, టార్పాలిన్లు, సర్వే గొలుసులు, అన్నీ అందులో ఎక్కేవి. ఏడాదికొకసారి వెరిఫికేషన్ చేసి, పనికిరానివాటి ఎదుట 'అన్‌సర్వీసబుల్' అని రాసి, పై అధికారి ఉత్తర్వు తీసుకొని వేలం వేసేవాళ్ళం. ఈ పని చేసిన మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పబోయేది కొత్త కాదు.

ఆ రిజిస్టర్ నాకు చెప్పిన పాఠం ఏమంటే, రోజూ వాడి, వాడిన తరువాత తుడిచి పెట్టిన వస్తువు చాలాకాలం బతికింది. వాడి అట్లాగే వదిలేసినది, లేదా వాడకుండా గదిలో వేసి తాళం పెట్టినది ముందుగా పోయింది. ఒకే ఏడాది వచ్చిన రెండు టైపు మిషన్లలో, సాయంత్రం బ్రష్షుతో అక్షరాల సందుల్లో పేరుకున్న సిరా తీసి గుడ్డ కప్పిపోయే టైపిస్టు చేతిలోనిది నేను బదిలీ అయ్యేనాటికీ నడుస్తూనే ఉంది. రెండోది వేలంలో ఇనుప సామాను కింద పోయింది. రెండింటి కంపెనీ ఒకటే, తేడా అల్లా ఆ సాయంత్రపు పది నిమిషాలది.

ఆదిలాబాద్ వైపు రేగడి భూముల సంగతి మీకు తెలిసిందే. వాన పడితే ఆ నల్లమట్టి చెప్పులకు పట్టుకుంటే వదలదు. అక్కడి రైతు గుంటుక తోలి ఇంటికి మళ్ళే ముందు గట్టు మీద నిలబడి, చిన్న పుల్లతో పాసకు అంటిన మట్టి గీకి, గడ్డితో తుడిచి గాని బండి మీద వేయడు. పచ్చిగా ఉన్నప్పుడు పుల్లతో పోయే మట్టి ఎండితే రాయి అవుతుందని, దాని కింద ఇనుము తుప్పు పడుతుందని అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు. గోల్ఫు సామాను శుభ్రం అంటే ఇంతకన్నా పెద్ద విద్య కాదు.

ఇప్పుడు ఆ సంచీలో ఏముంటుందో చెబుతాను. ఒక ఆటగాడు ఆటలో 14 కర్రలకు మించి వెంట ఉంచుకోరాదని నియమం ఉంది. ఈ కర్రలను క్లబ్బులంటారు. పేకాట క్లబ్బుకూ దీనికీ సంబంధం లేదు. ప్రతి కర్రకు మూడు భాగాలు. కింద బంతిని కొట్టే తల, మధ్యన కాడ, పైన చేతితో పట్టుకునే రబ్బరు పిడి. పెద్ద బుర్ర ఉన్నవి దూరం కొట్టడానికి. వాటిని డ్రైవర్, వుడ్ అంటారు. పూర్వం నిజంగానే చెక్కతో చేసేవారు కనుక వుడ్ అనే పేరు నిలిచిపోయింది, ఇప్పుడవి చాలావరకు లోహమే. పలక వంటి తల ఉన్నవి ఐరన్లు. ఇసుకలోనుంచి, గడ్డిలోనుంచి బంతిని పైకి లేపేవి వెడ్జులు. చివరికి గుంతలోకి మెల్లగా దొర్లించేది పట్టర్. బంతి 42.67 మిల్లీమీటర్లకు తక్కువ అడ్డం ఉండరాదు, 45.93 గ్రాములకు మించి తూగరాదు. ఇంత లెక్కగా నడిచే ఆటలో చిటికెడు మట్టి కూడా తేడా తెస్తుంది.

ఎట్లా తెస్తుందంటారా? ఐరన్ల ముఖం మీద అడ్డంగా సన్నని గాళ్ళు చెక్కి ఉంటాయి. అవి అందానికి కాదు. మన స్కూటరు టైరుకు గీతలు ఎందుకుంటాయో ఇవీ అందుకే. తడి రోడ్డు మీద నీళ్ళు ఆ గీతల్లోకి పోయి రబ్బరు రోడ్డును పట్టుకుంటుంది. అట్లాగే బంతికీ ఇనుముకూ మధ్య నలిగిన గడ్డి రసం, తడి ఈ గాళ్ళలోకి పోతాయి. ముఖం బంతిని గట్టిగా పట్టి తిప్పుతుంది. ఆ తిరుగుడు వల్లనే బంతి పడినచోట ఆగుతుంది. గాళ్ళు మట్టితో పూడిపోతే అరిగిన టైరు జారినట్టు బంతి జారుతుంది, పడిన తరువాత ఎటో దొర్లిపోతుంది. ఆడేవాడు తన చెయ్యి బాగాలేదనుకుంటాడు, నిజానికి బాగాలేనిది కర్ర.

బంతి సంగతి ఇంకా చిత్రం. దాని మీద వందల కొద్దీ చిన్న గుంటలుంటాయి. పందొమ్మిదో శతాబ్దం నడుమ గట్టాపెర్చా అనే చెట్టు పాల బంక ఉండతో ఆడేవారు. నున్నగా ఉన్న కొత్త బంతికన్నా దెబ్బలు తిని గాట్లు పడిన పాతది బాగా ఎగురుతున్నదని ఆటగాళ్ళు గమనించి, కొత్తవాటి మీద కూడా సుత్తితో గాట్లు పెట్టడం మొదలుపెట్టారు. అదే ముదిరి నేటి గుంటలయింది. బంతి చుట్టూ గాలి సరిగ్గా అంటి నడిచేటట్టు చేసేవి ఆ గుంటలే. ఒక పక్క గుంటలు మట్టితో పూడితే బంతి ఎటు వంకర పోతుందో చెప్పలేం. అందుకే గుంత ఉండే పచ్చిక మీదికి చేరిన తరువాత, బంతి ఉన్నచోట గుర్తు పెట్టి, ఎత్తి తుడుచుకోవడానికి ఆట నియమాలే అనుమతి ఇచ్చాయి.

ఈ ఆట మన దేశానికి నిన్న మొన్న వచ్చింది కూడా కాదు. కలకత్తాలో 1829లో పెట్టిన గోల్ఫు క్లబ్బు, బ్రిటన్ బయట అన్నిటికన్నా పాతదని పేరు పొందింది. మన తెలుగు నేల మీద విశాఖపట్నంలో ఉంది, హైదరాబాద్‌లో గోల్కొండ కోటను ఆనుకొని నయాఖిల్లాలో ఉంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ అనే మన దేశపు అమ్మాయి నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క మెట్టులో పతకం తప్పిపోయిన ఆ శనివారం, ఆట తెలియనివాళ్ళు కూడా టీవీల ముందు కూర్చున్నారు.

మా పెద్దబ్బాయి 2019లో అమెరికాలోని టెక్సాస్ నుంచి వచ్చి హైదరాబాద్ ఉద్యోగంలో చేరాడు. ఆ చలికాలంలో నన్ను ఆ నయాఖిల్లా మైదానానికి వెంట తీసుకెళ్ళాడు. ఆ ఆవరణలో వందల ఏళ్ళనాటి బాబోబ్ చెట్టు ఉంది. దాని మొదలు చూస్తే చెట్టా, గుట్టా అనిపిస్తుంది. అబ్బాయి ఆడుతుంటే నేను క్యాడీ వెంట నడిచాను. క్యాడీ అంటే సంచీ మోసే మనిషి. వయసు మళ్ళినవాడు, మన భాషే. అతని భుజాన ఒక తువ్వాలు, సగం తడిపి, సగం పొడిగా ఉంచాడు. అబ్బాయి ఒక్కొక్క దెబ్బ కొట్టి కర్ర చేతికివ్వగానే తడి కొసతో ముఖం తుడిచి, పొడి కొసతో ఆరబెట్టి, సంచీలో వేస్తున్నాడు. ఎందుకంత తొందర అంటే, "సార్, కొట్టంగనే తుడవాలె. ఇంటికి పోయినంక తుడుస్తనంటే మట్టి రాయైతది" అన్నాడు. ఆదిలాబాద్ రైతు మాట గోల్కొండలో వినబడ్డది. మిగతా వివరాలన్నీ అతన్ని అడిగి చిన్న పుస్తకంలో రాసుకున్నాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది?

కొద్ది నెలలకే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆటలు ఆగిపోయాయి. సంచీ మా ఇంట్లో ఉండిపోయింది. ఆ ఏడాదీ ఆ పై ఏడాదీ వానాకాలాల్లో నేను దాన్ని కాపాడిన పద్ధతి ఇప్పుడు వరుసగా చెబుతాను. మీ ఇళ్ళలో సంచులున్నవాళ్ళు దయచేసి రాసుకోండి.

మొదటిది, ఐరన్ల తలలు. చిన్న బకెట్టులో గోరువెచ్చని నీళ్ళు పోసి, గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు వేయాలి. వేడి నీళ్ళు వద్దు. తల, కాడ కలిసేచోట అతుకు జిగురుతో ఉంటుంది, వేడికి అది వదులవుతుంది. నీళ్ళు ఆ అతుకు దాకా రాకుండా, తల మునిగేంత మాత్రమే పోసుకోవాలి. ఐదు నిమిషాలు నానిన తరువాత పాత టూత్ బ్రష్షుతో గాళ్ళ వెంట రుద్దితే మట్టి వస్తుంది. మంచి నీళ్ళతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి తుడవాలి. తడితో వదిలేస్తే కడిగిన ఫలితం ఉండదు. మా ఇంటామె ఇది చూసి, "చెయ్యి ఆగకుంటె లోపల గిన్నెలు గూడ ఉన్నయి" అన్నది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది.

రెండోది, చేయకూడనివి. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు, నిమ్మచెక్క జోలికి పోకండి. పులుపు ఇనుమును తింటుంది. ఇనుప పీచు, ఇసుక, బూడిద కూడా వద్దు. మెరుగు పూత గీసుకుపోతే తుప్పుకు మనమే తలుపు తీసినట్టు. ఇంకొక సంగతి, కొన్ని వెడ్జులను పూత లేకుండానే తయారుచేసి అమ్ముతారు. వాటికి తుప్పు రంగు రావడం సహజం, లోపం కాదు. పిల్లవాణ్ణి అడగకుండా దాన్ని తెల్లగా తోమిపెట్టాలని ఉత్సాహపడవద్దు. మన కరీంనగర్ వెండి తీగ పనివాళ్ళను చూడండి. ఆ సన్నని అల్లికను తేలిక చేత్తో పట్టి పనిచేస్తారు. పని తెలిసినవాడి చెయ్యి ఎప్పుడూ తేలికగానే ఉంటుంది.

మూడోది, పెద్ద బుర్ర కర్రలు. వీటిని నీళ్ళలో ముంచరాదు. తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టాలి. ఎవరింట్లోనైనా పాతకాలపు చెక్క తలలుంటే మరీ జాగ్రత్త. చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది. వాటికి మైనం పాలిష్ పట్టించాలి. ఈ తలలకు తొడిగే టోపీల వంటి తొడుగులు తడిసి ఉంటే తీసి విడిగా ఆరేయాలి. తడి తొడుగు అట్లాగే ఉంచితే లోపల చెమ్మ నిలిచి రంగు చెడుతుంది.

నాలుగోది, కాడలు. ఉక్కు కాడలను పొడిగుడ్డతో తుడిచి, వానాకాలంలో కుట్టుమిషను నూనె ఒక చుక్క గుడ్డ మీద వేసి పలుచగా పట్టించాలి. నూనె పిడికి అంటకూడదు. గ్రాఫైట్ కాడలు నల్లగా, తేలికగా ఉంటాయి. వాటిని తడి గుడ్డతో తుడిస్తే చాలు. తుడిచేటప్పుడు వేలు మెల్లగా పైనుంచి కిందికి నడిపించి, ఎక్కడైనా పగులు గాని గీత గాని తగులుతుందేమో చూడాలి. తలను కొద్దిగా ఊపితే లోపల చప్పుడు వినబడినా, అతుకు కదిలినా ఆ కర్ర వాడకుండా బాగుచేసేవారికి ఇవ్వాలి. ఊపులో ఉన్న కర్ర తల ఊడి పోయి ఎదుటివాడికి తగిలితే ప్రమాదం చిన్నది కాదు.

ఐదోది, పిడి. అందరూ మరచిపోయేది ఇదే. చేతి చెమట, నూనె పట్టి రబ్బరు మీద నున్నని పొర ఏర్పడుతుంది. అప్పుడు కర్ర జారుతుంది. జారుతుందని ఇంకా గట్టిగా పట్టుకుంటాం. గట్టిగా పడితే మోచెయ్యి, మణికట్టు నొస్తాయి, ఊపు చెడుతుంది. పిడిని సబ్బునీళ్ళలో తడిపిన మెత్తని బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెడితే రబ్బరుకు మళ్ళీ పట్టు వస్తుంది. నల్లా కింద నిలువుగా పెట్టి కడగరాదు. పిడి కొసన చిన్న రంధ్రం ఉంటుంది, దానిలోనుంచి నీళ్ళు కాడలోకి పోతాయి. ఎండలో పెట్టరాదు, రబ్బరు గట్టిపడి పగులుతుంది. కడిగినా జారుతుంటే పిడి మార్చడమే మార్గం. కర్ర మార్చనక్కరలేదు.

ఆరోది, చేతి తొడుగు, బూట్లు, సంచీ. తోలు తొడుగును చెమటతో ముద్దచేసి జేబులో కుక్కితే మర్నాటికి అప్పడం అవుతుంది. వేళ్ళు సాగదీసి నీడన పరచాలి. బూట్ల కింద పచ్చిగడ్డి, మట్టి తీసి, లోపల పాత దినపత్రికలు ఉండచుట్టి పెడితే చెమ్మ పీల్చుకుంటాయి. సంచీని నెలకొకసారి పూర్తిగా ఖాళీ చేసి తలకిందులుగా దులపాలి. మన ఇళ్ళలో బల్లులు, బొద్దింకలు జేబులున్న వస్తువును వదలవు. నాలుగు ఎండిన వేపాకు రెమ్మలు వేయండి. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలుంటాయి గదా, అవి పారేయకుండా ఆ జేబుల్లో పడేయండి. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం వాళ్ళ చేతికి అందనీయవద్దు.

ఏడోది, పెట్టే చోటు. గోడకు చేరగిలబెట్టవద్దు, వట్టి నేల మీద పెట్టవద్దు. వానాకాలంలో గోడా నేలా రెండూ చెమర్చుతాయి. ఒక చెక్క మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. కారు డిక్కీలో ఎంతమాత్రం వదలవద్దు. మే నెలలో మన వైపు ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది, మూసిన డిక్కీలో అంతకన్నా ఎక్కువ. అతుకుల జిగురు, రబ్బరు, బంతులు అన్నీ ఆ వేడికి చెడుతాయి.

ఇంతేనండీ. ఖర్చు లెక్క చూస్తే పాత టూత్ బ్రష్షు ఒకటి, పాత తువ్వాలు ఒకటి, సబ్బునీళ్ళు. ఆ సంచీ ఖరీదు మాత్రం నా నెల పెన్షన్‌ను దాటిపోతుంది. సమయం, ఆట తరువాత పది నిమిషాలు. వాడకుండా ఉన్నా నెలకొకసారి తీసి గాలి తగలనివ్వాలి.

మనం దసరానాడు ఆయుధపూజ చేస్తాం. ఆఫీసులో టైపు మిషనుకు, జీపుకు, బీరువాకు పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. చాలా మంచి ఆచారం. కాని పూజకు ముందు వస్తువును కడిగి తుడుస్తాం గదా, అసలు పూజ అదేనని నా అభిప్రాయం. మిగతా 364 రోజులు దుమ్ము కప్పుకొని ఉన్న వస్తువుకు ఒకనాటి కుంకుమ ఏం చేస్తుంది?

ఇక దీనివల్ల నాకు కలిగిన లాభం చెబుతాను. ఆటలు మళ్ళీ మొదలైన తరువాత మా అబ్బాయి వచ్చి సంచీ తెరిచి చూశాడు. తీసుకుపోయి మర్నాడే ఆడే స్థితిలో ఉంది. అప్పటినుంచి రెండు మూడు నెలలకోసారి వస్తాడు, ఆటలున్నప్పుడు పట్టుకెళ్తాడు, తరువాత రాకలో తెస్తాడు. తెచ్చినప్పుడు ఆదివారం పొద్దున అరుగు మీద ముగ్గురం కూర్చుంటాం. మనుమడు బ్రష్షు పడతాడు, అబ్బాయి కడుగుతాడు, నేను తుడిచి లెక్క చూస్తాను. ఆ గంటసేపట్లో వాళ్ళ ఉద్యోగం సంగతి, నా బీపీ మాత్రల సంగతి, ఊరి పొలం సంగతి అన్నీ మాట్లాడుకుంటాం. ఫోన్‌లో "బాగున్నరా?" "బాగున్నం" తప్ప మూడో మాట దొరకని ఇళ్ళు మనలో ఎన్ని లేవు! సంచీ తుప్పు పట్టి ఉంటే ఒకసారి చూసి, "పోనీ నాన్నా, పాత సామానుకు వేసెయ్యి" అని ఉండేవాడు. రావడానికి ఉన్న ఒక సాకు దానితో పోయేది.

ఇప్పుడు మన ఆటల గది వైపు చూద్దాం. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మొన్నటి వానాకాలంలో మన క్యారమ్ బోర్డు చెమ్మ గోడకు ఆనించి ఉండిపోయింది. ఒక పక్క ఉబ్బి, కాయిన్ వేస్తే తనంతట తనే మూలకు జారింది. షటిల్ రాకెట్లలో మూడింటికి తీగలు తెగాయి, పిడి గుడ్డలు జిడ్డు పట్టాయి. కొత్తవి కొనాలని తీర్మానం రాయడం ఒక నిమిషం పని. కాని ఈలోగా జరిగింది మీరు గమనించారో లేదో. సాయంత్రం నాలుగు గంటలకు క్రమం తప్పకుండా వచ్చే నలుగురిలో ఒకరు రావడం మానేశారు. భార్య పోయిన తరువాత ఆయనకు ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. ఆ రెండు గంటల క్యారమే ఆయనకు లోకం. బోర్డు చెడిందని ఆట ఆగింది, ఆట ఆగిందని ఆయన ఆగిపోయారు. రెండు నెలల తరువాత నేను ఇంటికి వెళ్ళి చూస్తే, "వచ్చి ఏం చేయాలె సార్?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మిత్రులారా, రిజిస్టర్‌లో బోర్డు ధర ఒక్క అంకెగా ఉంటుంది. దాని చుట్టూ కూర్చునే నలుగురు మనుషులు ఏ కాలమ్‌లోనూ ఎక్కరు. వస్తువు సిద్ధంగా ఉంటే మనిషి వస్తాడు. వస్తువు పాడైతే మనిషి రాక ముందు తగ్గుతుంది, తరువాత ఆగుతుంది. మన వయసులో ఆగిన మనిషిని మళ్ళీ బయటికి తేవడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

కనుక సభవారి ముందు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. కొత్త క్యారమ్ బోర్డు కొందాం, సరే. దానితోపాటు ఒక చిన్న నోటుబుక్కు పెడదాం. ఆడినవారే గది మూసేముందు పది నిమిషాలు సామాను చూసి సంతకం చేయాలి. క్యారమ్ బోర్డును పొడిగుడ్డతో మాత్రమే తుడిచి, పౌడరు దులిపి, గుడ్డ కప్పి, బల్ల మీద పరుండబెట్టాలి. రాకెట్ల పిడులు వారానికొకసారి తడిగుడ్డతో తుడవాలి, గుడ్డ అరిగితే మార్చాలి. తీగ ఒకటి తెగితే ఆ వారమే వేయించాలి, రెండోది తెగేదాకా ఆగవద్దు. టేబుల్ టెన్నిస్ బ్యాట్ల రబ్బరును తడిగుడ్డతో తుడిచి సంచీలో పెట్టాలి. నెలకొకసారి ఇద్దరు సభ్యులు తనిఖీ చేయాలి. ఆ తనిఖీకి నేను ముందుగా నా పేరు ఇస్తున్నాను. 34 ఏళ్ళు ఎవరివో కుర్చీలు లెక్కపెట్టినవాణ్ణి, మన క్యారమ్ కాయలు లెక్కపెట్టలేనా?

ఆఖరుగా ఒక మాట. ఈ సభ అయిపోగానే మీ మీ చేతి కర్రలను ఒకసారి తలకిందులు చేసి చూడండి. అడుగున రబ్బరు బుష్షు ఉంటుంది. అది నున్నగా అరిగి ఉంటే, గోల్ఫు కర్ర పిడి గురించి నేను చెప్పినదంతా దీనికీ వర్తిస్తుంది. గోల్ఫులో జారితే బంతి పోతుంది. మనకు బాత్రూము గడపలో జారితే తుంటి ఎముక పోతుంది. ఆ బుష్షు మందుల దుకాణంలో కొద్ది డబ్బుకు దొరుకుతుంది. రేపే మార్చుకోండి. చెప్పుల అడుగు కూడా చూసుకోండి.

 నా ప్రతిపాదనను సభవారు చర్చించి ఆమోదించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.